మట్టం మూలలకే

ఎనభైల్లో ఒక ఉదయం ఫాక్‌లాండ్ రోడ్డులో బస్సెక్కి, కంప్యూటర్ కాగితాలు ఒళ్లో పరిచాను. కాలువను గడులుగా విడగొట్టి నీళ్ల వేగాన్నీ ఒత్తిడినీ లెక్కగట్టడం నా పరిశోధన. వేగం బాగానే వచ్చింది. ఒత్తిడి మాత్రం చదరంగం బల్లలా ఒక గడిలో ఎక్కువ, పక్క గడిలో తక్కువ. తప్పు కంప్యూటర్‌దేనని మా సారుకు చెప్పడానికి బయల్దేరాను.

పక్క సీట్లో ఒక ముసలి మేస్త్రీ. మట్టం చూసే నీళ్ల గొట్టం భుజాన చుట్టుకున్నాడు.

"గిది ఏ బిల్డింగు ఫర్శీ బిడ్డా?"

"నేల మీది బండలు కావు తాతా, నీళ్ల ఒత్తిడి. గడి మూలలల్ల, అంచుల నడుమ, అన్ని జాగలల్ల వేగం, ఒత్తిడి రెండూ లెక్క కట్టిన."

"అన్ని జాగలల్లనా?" నవ్వాడు. "ఇటుక అన్ని జాగలల్ల పెడ్తం. మట్టం మూలలకే చూస్తం, నడుమ దారం కడ్తం. ఇటుకిటుకకు మట్టం చూస్తే గోడ ఎగుడుదిగుడు అయితది. ఏ గల్లీ మీది?"

"కామాటిపుర, పదకొండో గల్లీ."

"గోడలు కట్టే కామాటోళ్ల బిడ్డవయ్యి గీ ముచ్చట ఎర్కలేదా?" అంటూ దాదర్‌లో దిగిపోయాడు.

ఆ రోజు కంప్యూటర్ మీద ఫిర్యాదు చెయ్యలేదు. వేగాన్ని అన్ని చోట్లా ఉంచి, ఒత్తిడిని గడుల మూలల్లోనే లెక్కగట్టాను. చదరంగం మాయమైంది.

ఎందుకు కుదిరిందని సారు అడిగారు. బోర్డు మీద ఇటుక గోడ గీసి, రెండు మూలల మధ్య దారం లాగాను. గణిత నిరూపణ కావాలన్నారు. అది పుస్తకాల్లో వెతికి, చదివి అర్థం చేసుకోవడానికి ఏడాది పట్టింది. నమ్మకం మాత్రం దాదర్‌లోనే కుదిరింది.