పొగమంచు కోటు అంచు

ఆ వీధిలో పుర్రచేతి మాస్టారంటే తెలియనివాళ్లు లేరు. చదివింది పల్లెటూరి బడిలో ఐదో తరగతి. అయితేనేం, పన్నెండో ఏట మిషను తొక్కడం మొదలుపెట్టి, అరవై ఏళ్లు కత్తెర కింద పెట్టలేదు. మూడు బళ్ల పిల్లలకు యూనిఫాంలు కుట్టాడు. ఒక జడ్జిగారికి వరసగా పద్నాలుగేళ్లు నల్లకోట్లు కుట్టాడు. గూని ఉన్న పెళ్లికొడుక్కి గూని కనపడకుండా కోటు కుట్టి, అత్తవారి చేతే శభాష్ అనిపించుకున్నాడు. ఇవన్నీ ఆయన అడిగినవాళ్లకీ చెప్తాడు, అడగనివాళ్లకీ చెప్తాడు.

కాకపోతే ఆయనకు నమ్మకమన్నది కొలిచాకే పుడుతుంది. గుడ్డ తెచ్చినవాళ్లు మూడు మీటర్లంటే, ఊఁ అంటూనే టేపు తీసి కొలుస్తాడు. ఆ టేపు సాగిందేమోనని నెలకోసారి గోడకున్న చెక్క స్కేలుతో టేపునే కొలుస్తాడు.

అలాంటి మనిషి దగ్గరకు ఆరేళ్ల కిందట మనవరాలు, కూతురి కూతురు, వచ్చి నిలబడింది. చిన్నప్పటి నుంచీ కటింగ్ టేబుల్ పక్కనే పెరిగిన పిల్ల, తన తర్వాత కొట్టు చూసుకుంటుందని ఆయన లెక్కేసుకున్న పిల్ల. బొమ్మల సినిమా తీసే ఆఫీసులో ఉద్యోగం వచ్చిందంది. అక్కడ ఏం పనే అంటే, బొమ్మలకు బట్టలు కుట్టడమంది. కంప్యూటర్లోనట.

సూది లేదు, దారం లేదు, గుడ్డ లేదు. మరి కుట్టేదేమిటి? ఆయన పైకి మంచిదేనన్నాడు. లోపల మాత్రం అనుమానం పురుగులా తొలవడం మొదలుపెట్టింది.

ఆ సినిమా ఒక కట్టుకథ. కొండమీద చలికి వణికే రాక్షసుడికి ఒక పేద పిల్ల పొగమంచుతో కోటు కుట్టిపెడుతుందట. వచ్చే ఏడాది విడుదలంది మనవరాలు. ఆ ఏడాది వచ్చింది, సినిమా రాలేదు. మళ్లీ తేదీ చెప్పారు, మళ్లీ మార్చారు. అలా నాలుగుసార్లు. మూడోసారికే మాస్టారు తేల్చేశాడు. సినిమా లేదు, పాడూ లేదు. ఏదో ఆఫీసులో బల్లలు తుడుస్తూ, చెప్పుకోవడానికి నామోషీ అయి ఈ కథ అల్లి ఉంటుంది. పైగా రెండేళ్ల కిందట వచ్చి, ఎవరో కుట్టించుకుని తీసుకెళ్లని పాత కోటొకటి కొట్లోంచి పట్టుకుపోయింది. పనికోసం చూసుకోవాలంది. బొమ్మలకు కోటెందుకు చూపించడం? చలికి కప్పుకోవడానికి పట్టుకెళ్లిందేమో, పాపం, అని కూడా అనుకున్నాడు.

ఈలోగా ఆయన కళ్లకు మసక కమ్మింది. సూదిలో దారం ఎక్కించడానికి నాలుగు నిమిషాలు పడుతోంది. పక్కనే చెప్పులు కుట్టే అతను తన కొట్టు పెంచుకుంటానని, ఈ గది తనకిమ్మని ఏడాదిగా అడుగుతున్నాడు. మాస్టారు ఒకటే మాట మీద ఉన్నాడు. సినిమా వచ్చాక చెప్తానన్నాడు. మనవరాలికీ మొహమ్మీదే చెప్పాడు. "నీ పని నిజమైతే తాళంచెవి అతనికిచ్చేస్తా. అబద్ధమైతే నువ్వొచ్చి ఈ మిషను మీద కూచో."

"సరే తాతయ్యా. చివర్లో పేర్లు పడతాయి కదా, నా పేరూ ఉంటుంది. నువ్వే చూద్దువుగాని."

"పేరా?" అన్నాడాయన. ఒకప్పుడు ఒక పెద్ద బట్టల దుకాణం ఆయన చేత కోట్లు కుట్టించుకుని, మెడదగ్గర తన లేబుల్ వేసుకుని అమ్ముకునేది. కొన్నవాళ్లు ఆ దుకాణాన్నే మెచ్చుకునేవాళ్లు. "పేరు ఎవరైనా అతికించుకోవచ్చు. కుట్టు చూపించు, నమ్ముతా."

పిల్ల నవ్వేసి, బస్సుకు టైమైందని లేచింది. ఆ తొందర కూడా ఆయనకు అనుమానంగానే తోచింది.

ఎట్టకేలకు ఒక ఆదివారం పొద్దున ఇద్దరూ హాలుకెళ్లారు. మాస్టారు తాను కుట్టుకున్న బూడిదరంగు కోటు వేసుకున్నాడు. సీట్లో కూర్చోకుండా, చేతికర్ర టకటకలాడిస్తూ తెర దాకా నడిచివెళ్లి, దాని అంచు ఎలా మడిచి కుట్టారో చూసొచ్చాడు. మిషను కుట్టే, ఫరవాలేదన్నాడు.

సినిమా మొదలైంది. చిన్నపిల్లలు రాక్షసుణ్ణి చూసి కిలకిలలాడుతున్నారు. మాస్టారి చూపంతా బట్టలమీదే. ఊరిజనం చొక్కాల భుజాలు కుదిరాయి. పిల్ల మోకాళ్ల మీద కూర్చుంటే పావడా ఎక్కడ ముడత పడాలో అక్కడే పడింది. ఇంత బాగా ఉండటమే ఆయనకు నచ్చలేదు. నిజం గుడ్డకు ఫొటో తీసి అంటించి ఉంటారు, ఇందులో ఈ పిల్ల చేసిందేముంది?

తర్వాత కథలో పిల్ల పొగమంచును చాపలా చుట్టి, కత్తిరించి, సూది పట్టింది. కుడిచేత్తో.

"ఇది నీ పనేనా?" అని గుసగుసగా అడిగాడు.

"చేతులు నావి కావు తాతయ్యా. చేతులు వేరేవాళ్లు చేస్తారు. బట్టే నాది."

ఆయన మూతి విరిచాడు. గుడ్డ ఒకరిదట, చెయ్యి ఒకరిదట. తప్పించుకోవడానికి బాగానే ఉందనుకున్నాడు. రేపట్నుంచి ఈ పిల్లను మిషను ముందు ఎలా కూర్చోబెట్టాలా అని ఆలోచనలో కూడా పడ్డాడు.

అప్పుడు రాక్షసుడు కోటు తొడుక్కుని కొండకొమ్ము మీద నిలబడ్డాడు. గాలి వీచింది. కోటు అంచు లేచి తెరంతా పరుచుకుంది. లోపలివైపు హెమ్మింగ్, చేత్తో వేసిన కుట్టు, ఒక్కొక్కటీ అరచెయ్యంత.

మాస్టారు లేచి నిలబడ్డాడు.

కుడిచేతివాళ్ల హెమ్మింగ్ ఒకవైపు వాలుతుంది. ఎడమచేతివాళ్లది దానికి ఎదురుగా వాలుతుంది. చిన్నప్పుడు ఈ వాలు గురించే గురువు ఆయన వేళ్లమీద స్కేలుతో కొట్టాడు. ఎన్నిసార్లు కొట్టినా వాలు మారలేదు. తెరమీది కుట్టు ఆ వాలే.

వెనక నుంచి ఎవరో కూర్చోండి పెద్దాయనా అన్నారు. ఆయన వినలేదు. తన కోటు అంచు తిరగేసి తెర వెలుగుకు ఎత్తి పట్టుకున్నాడు. దీన్నీ దాన్నీ రెండుసార్లు చూశాడు. రాక్షసుడు వెనక్కి తిరిగేసరికి మూడోసారి కూడా చూశాడు. అప్పుడు కూర్చున్నాడు.

"ఆ పిల్ల కుడిచేత్తో కుట్టింది కదా," అన్నాడు మెల్లగా. "కుట్టు పుర్రచేతి వాటంగా వాలిందేమే?"

మనవరాలు తెర వంక చూసింది. చెయ్యి నోటిమీదకు పోయింది.

"కొట్లోంచి పట్టుకెళ్లానే, నీ చేతి కోటు, అది చూసే చేశాను తాతయ్యా. చేతులు వాళ్లు తర్వాత కలిపారు. నేను గమనించనే లేదు. ఆఫీసులో అంతమంది చూశారు, ఒక్కరూ పట్టుకోలేదు." గొంతు తగ్గించి, "ఎవరికీ చెప్పకు," అంది.

"అరవై ఏళ్లలో నా దగ్గర్నుంచి వెళ్లిన కోటు ఒక్కటీ తప్పుందని తిరిగి రాలేదు," అన్నాడాయన. "నువ్వేమో లోకమంతటికీ చూపించే కోటు మీద తప్పు చేశావు." అన్నాడే గాని, ఆ పిల్ల చెయ్యి తీసుకుని, సూది పట్టే వేలుకొన తడిమి చూశాడు. చిన్నప్పుడు గట్టిపడిన చోటు ఇంకా అలాగే ఉంది.

చివర్లో పేర్లు పడ్డాయి. అదిగో తాతయ్యా, అదిగో నాది, అని ఆమె మోచేత్తో పొడుస్తుంటే, ఆయన వంగి సీటు కింద చేతికర్ర వెతుక్కుంటున్నాడు. చూశాలేవే అన్నాడు. చూడలేదు.

మధ్యాహ్నం కొట్టు తెరిచాడు. మిషను మీద గుడ్డ కప్పి, కత్తెర కోటు జేబులో వేసుకున్నాడు. చెక్క స్కేలు గోడ నుంచి ఊడదీసి మనవరాలి చేతికిచ్చాడు. ఆమె దాన్ని చంకలో పెట్టుకుంది. చెప్పుల అతను చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు.

"అయితే మాస్టారూ, అమ్మాయి చెప్పింది నిజమేనన్నమాట. పేరు పడిందా?"

"పేరు సంగతి నాకు తెలియదు. పని మాత్రం ఆమెదే," అని మాస్టారు తాళంచెవి అతని చేతిలో పెట్టాడు.

అతను సంతోషం పట్టలేక గదంతా కలయజూసి, పొడవు పన్నెండు అడుగులుంటుంది కదండీ అన్నాడు.

మాస్టారు ఊఁ అంటూ మెడలోని టేపు తీశాడు.