పాత అట్ట

సరోజా, నా రాత కోడి గీకినట్టు ఉంటుంది. తప్పులు సర్దుకొని చదువుకో.

తిరువళ్ళూరులో మా ఆయన పనిచేసే ఆఫీసు కంప్యూటర్ కొత్త సిస్టం ఎక్కించినప్పటి నుంచీ నడవడం లేదు. సాయంత్రంలోగా నడవకపోతే పనిలోంచి తీసేస్తామన్నారు. మధ్యాహ్నం క్యారియర్ తీసుకొని వెళ్తే, నల్లటి తెర ముందు తల పట్టుకొని కూర్చున్నాడు. నాకు తిరుత్తణిలో మా నాయన గుర్తొచ్చాడు. గంజి వాసన కొట్టే ఆ మగ్గం గుంట నీకూ గుర్తుందా? కొత్త డిజైనుకని, ఏ పోగు లేవాలో చెప్పే చిల్లుల అట్టలు మగ్గానికి తగిలిస్తే పోగులు లేవలేదు. నాయన అన్నీ విప్పుతుంటే అవ్వ గుమ్మంలోంచే అరిచింది: "ముందు పాత అట్ట పెరికినావారా?" నిజంగానే పాత అట్ట ఒకటి లోపల ఇరుక్కొని ఉంది.

కంప్యూటర్ సందులోనూ ఏదో నల్లట్ట అంచు కనిపించింది.

"బావా, లోపల పాతది తీసినావా?" అన్నాను భయంగా.

"ఇది మీ నాయన మగ్గం గాదే!" అని విసుక్కుంటూనే లోపలే ఉండిపోయిన ఆ పాత సిస్టం ఫ్లాపీ లాగి మళ్ళీ స్విచ్ వేశాడు. తెర మీద అక్షరాలు వచ్చాయి.

అప్పుడే మేనేజరు వచ్చాడు. "ఎట్ల సరిచేసినావప్పా?"

"నేనే కనిపెట్టినా సార్," అన్నాడు, నా వైపు చూడకుండా. నేను గిన్నెలు సర్దుకున్నాను.

కోపం లేదు సరోజా, అలసటగా ఉంది. ఆయన మాట నిలబడాలి కదా, చదివినాక ఈ ఉత్తరం కాల్చెయ్యి.