పచ్చమ్మ పెండ్లి

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఆళ్లగడ్డలో మా ఇంటి వసారాలో ఒక పెండ్లి జరిగింది... పెండ్లి పెద్దను నేనే. పెండ్లికూతురు మా చెల్లెలు సుజి పెంచుకుంటున్న చెట్టు కప్ప.

లేత అరటాకు రంగులో, బొటనవేలంత ఉండేది. పేరు పచ్చమ్మ. సుజికి అప్పుడు ఆరేళ్లు. తోటలో అరటిబోదె మీద దొరికితే తెచ్చుకుని, నాయన అంగట్లోని ఖాళీ బిస్కెట్ల సీసాలో పెట్టింది. మూతికి పలుచని గుడ్డ కట్టి, రోజూ కొత్త ఆకు వేసి, నీళ్లు చిలకరించి, దీపం పురుగుల్ని పట్టి వేసేది... అంత ఓపిక ఎక్కడిదో ఆ పిల్లకు. నాకైతే లేదు. కొంచెం కుళ్లు కూడా ఉండేది, దాచుకోవడం ఎందుకు.

ఆ ఏడు వానలు లేవు. మా వీధి పెద్దవాళ్లు కప్పల పెండ్లి చేశారు. రెండు కప్పలకు బొట్టు పెట్టి, ఊరేగించి, తీసుకుపోయి కుంటలో వదిలేశారు. అది చూసి మేమూ చేద్దామని నాకు బుద్ధి పుట్టింది. బావి దగ్గర పిడికెడంత కప్ప కనబడితే పట్టుకొచ్చి పెండ్లికొడుకును చేశాను.

బొట్లు పెట్టాం, బెల్లం పంచుకున్నాం. తర్వాత రెండింటినీ పాత మట్టి గోలెంలో వేసి, పైన జల్లెడ బోర్లించాను.

"వద్దక్కా... అది చానా పెద్దగుంది. పచ్చమ్మ సీసాలోనే ఉంటాదిలే," అంది సుజి.

"పెండ్లయినాక మొగుడూ పెండ్లాం వేరే వేరే ఉంటారా యాడన్నా? గమ్మునుండు."

పెద్దవాళ్లు పెండ్లి కాగానే వదిలేశారు కదా, మేమెందుకు మూసిపెట్టాలన్న ఆలోచన నా మట్టిబుర్రకు తట్టలేదు.

తెల్లారి సన్నగా వాన... మా పెండ్లే పని చేసిందని సంబరంగా పోయి జల్లెడ ఎత్తాను. పెద్ద కప్ప ఒక్కటే ఉంది. దాని నోటి పక్కన పచ్చని కాలొకటి వేలాడుతోంది. గబుక్కున జల్లెడ మూసేశాను. తిరిగి చూస్తే సుజి.

"పచ్చమ్మ యాడక్కా?"

"వాన పడ్తాంది గదా... తోటకు ఎగిరిపోయింది."

సుజి ఏడవలేదు. సీసా కడిగి బోర్లించింది. మళ్లీ ఏ జీవినీ పెంచుకోలేదు. నేను మాత్రం గండం గడిచిందనుకున్నాను.

ఇప్పుడు సుజి నంద్యాలలో ఉంటోంది. పోయిన నెల వాళ్లింటికి వెళితే, దాని కూతురు ఫోన్‌లో కప్పల వీడియో చూస్తూ నాకు పాఠం చెప్పింది. "పెద్దమ్మా, చెట్టు కప్పల్ని కలిపి పెంచాలంటే అన్నీ ఒకే సైజువి ఉండాలంట. లేకుంటే పెద్దది చిన్నదాన్ని మింగేస్తాదంట."

తాగుతున్న కాఫీ పక్కన పెట్టేశాను. పాప లోపలికి పోయాక సుజికి చెప్పేశాను... పచ్చమ్మ ఎగిరిపోలేదని.

"తెలుసు," అంది. "నీ ఎనకాలే నిలబడుంటి. కాలు చూస్తి."

"మరి యాడని ఎందుకడిగినావే?"

"నువ్వు చెప్తావేమోనని."

ముప్పై ఏళ్లకు పైనే అయింది... నేను చెప్తానని అంతకాలం ఎదురుచూసింది నా చెల్లెలు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ఇప్పటి పిల్లలకు అన్నీ ఫోన్ చెబుతుంది, మాకు చెప్పేవాళ్లేరీ అని రాద్దామనే కూర్చున్నాను. అబద్ధం. నాకు చెప్పారు. ఆరేళ్ల పిల్ల వద్దక్కా అని చెప్పింది.

మీకూ ఇలా చెప్పకుండా మింగేసిన మాట ఏదైనా ఉంటే ఇక్కడ రాయండి... వద్దులెండి, ముందు ఆ మాట ఎవరికి చెప్పాలో వాళ్లకు చెప్పండి.