పెళ్లి ఇంకా కాలేదన్నందుకు

వీసా కోసం పెళ్లికి ముందే రిజిస్ట్రేషన్ చేయించుకోవడం మావాళ్లలో మామూలే. నిశ్చితార్థం కాగానే రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు, ముహూర్తం కుదిరినప్పుడు అసలు పెళ్లి. ఆలోపు వీసా వచ్చేస్తే పెళ్లైన వారానికల్లా పెళ్లికూతురు విమానం ఎక్కేస్తుంది. జర్మనీలోని గార్చింగ్‌లో ఉద్యోగం చేస్తున్న నేనూ అదే లెక్క వేసుకున్నాను.

హైదరాబాద్‌లో ఒక కన్సల్టెంటును పట్టుకున్నాను. "అన్నా, నువ్వు కింద సంతకం పెట్టి పంపు. పైన మేం రాసుకుంటం" అన్నాడు. నాలుగు తెల్లకాగితాల మీద సంతకం పెట్టి పంపిన ఘనుణ్ని నేను. ఇక్కడ ఇంటి అద్దె కాగితం మాత్రం మూడుసార్లు చదివి సంతకం పెట్టాను.

వీసా ఇంటర్వ్యూలో, నేను చేసుకోబోయే అమ్మాయిని పెళ్లి ఎలా జరిగిందని అడిగారట. "రిజిస్ట్రేషన్ అయింది, పెళ్లి ఇంకా కాలేదు, మాఘమాసంలో ఉంది" అని చెప్పింది. కొన్నాళ్లకు వీసా తిరస్కరించారు. కాగితాలకూ ఆమె మాటలకూ పొంతన లేదు, ఇది నిజమైన పెళ్లని నమ్మలేమని రాశారు.

కన్సల్టెంటుకు ఫోన్ చేస్తే, "వదిన నోరు జారిందన్నా, మేమేం జేస్తం?" అన్నాడు. నమ్మేశాను. ఆ కోపమంతా ఆమె మీద చూపించాను.

"పెళ్లి కాలేదని చెప్పుమని నీకెవరన్నరు? గంత తెల్వదా?"

"కానిదాన్ని అయిందని ఎట్ల చెప్త?" అంది.

మాఘంలో తాళి కట్టాను. మూడు ముళ్లూ వేశాను కానీ ఆమెతో ఒక్క మంచి మాట మాట్లాడలేదు. ఆ ఫోటోల్లో నా ముఖం చూస్తే నాకే అసహ్యం వేస్తుంది. సెలవు అయిపోగానే ఒక్కణ్ణే తిరిగొచ్చాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు లాయరు దగ్గరికి వెళ్లాను. బెర్లిన్ కోర్టులో కేసు వేశాం. లాయరమ్మ మా వీసా ఫైలు తెప్పించి నాకు పంపింది. అందులో ఒక ఉత్తరం ఉంది. 'బంధుమిత్రుల సమక్షంలో మా వివాహం సంప్రదాయబద్ధంగా జరిగింది' అని, రిజిస్ట్రేషన్ తేదీ వేసి, మా నిశ్చితార్థం ఫోటోలు పెళ్లి ఫోటోలని జతచేసి. కింద నా సంతకం.

ఆ సాయంత్రం నా భార్యకు ఫోన్ చేసి, "ఏజెంటు ఏదో తప్పు చేసిండట" అన్నాను. సంతకం సంగతి మింగేశాను. ఛీ, అప్పుడైనా చెప్పి ఉండాల్సింది.

విచారణ రోజు జడ్జి, ఒక పెద్దావిడ, ఆ ఉత్తరం చూపించి సంతకం ఎవరిదని అడిగింది. నాదేనన్నాను. ఏజెంటు అనబోతే చెయ్యెత్తి ఆపింది. "ఏజెంటును పెట్టుకున్నది మీరు. అతని తప్పు మీ ఖాతాలోకే వస్తుంది. మీ భార్య మాత్రం మొదటి నుంచీ నిజమే చెప్పింది" అంది. ఆమె మాటను నమ్మి, వీసా ఇవ్వమని తీర్పు ఇచ్చింది.

పాస్‌పోర్టులో వీసా పడ్డాక, టికెట్ ఎప్పటికి చెయ్యమంటావని అడిగాను. అప్పటికే ఆమె తీర్పును ఇంగ్లీషులోకి మార్పించుకుని మొత్తం చదివింది.

"గా జడ్జి మేడమ్ నన్ను ఎన్నడూ చూడలే. అయినా నా మాట నమ్మింది. నువ్వు నా మెడల తాళి కట్టుకుంట గూడ ఆ కన్సల్టెంటు మాటే నమ్మినవ్. టికెట్ చెయ్యకు. రావాలనిపిస్తే నేనే చేసుకుంట."

వీసా గడువు ఈ నెలాఖరుతో అయిపోతుంది. ఆమె దగ్గర్నుంచి ఇంకా ఫోన్ రాలేదు.