ఇప్పచెట్టు కింద వడియాల చీర

నా చిన్నప్పుడు ఎండాకాలం వచ్చిందని క్యాలెండరు కన్నా ముందు మా తాతయ్య ముక్కుకు తెలిసేది. నేను అమ్మమ్మ వాళ్ళింట్లోనే పెరిగాను. మెదక్‌లో ఖిల్లా గుట్ట కింద, ఊరు అయిపోయి బీడు మొదలయ్యే చోట ఆ ఇల్లు. తాతయ్య నర్సాపూర్ అడవిలో రేంజరుగా చేసి రిటైరయ్యాడు. అడవిలో ఆయన రేంజి ఎంతో నాకు తెలియదు గానీ, ఇంట్లో మాత్రం వంటింటి గడప దాకే. ఎవరైనా మెచ్చుకోలుగా "సారు నిప్పులాంటి మనిషి" అంటే ముఖం చిన్నబుచ్చుకునేవాడు. నౌకరీ అంతా అడవి మంటలతో కొట్లాడిన మనిషికి ఆ పోలిక ఎట్లా నచ్చుతుంది?

పొద్దున్నే అరుగు మీద కూర్చొని, కళ్ళు మూసుకొని, దూరంగా ఎవరో పాడుతుంటే వింటున్నట్టు గాలి వాసన చూసేవాడు. నేనూ పక్కన కూర్చొని ముక్కు ఎగబీల్చేదాన్ని. ఆయనకు అడవి వాసన వచ్చేది. నాకు ఎక్కువగా జలుబు వచ్చేది.

ఇప్పపువ్వు రాలే రోజులవి. ఇంటి వెనక బీడులో ఒక పెద్ద ఇప్పచెట్టు ఉండేది. పక్కింటి అక్క ఆ పువ్వు ఏరి, ఎండబెట్టి అమ్ముకునేది. ఆమెకున్నది ఒక బర్రె, వానలు పడేదాకా ఆ బర్రె తినాల్సిన గడ్డివాము. అంతే. ఎండుటాకుల్లో పడ్డ పువ్వు కనపడదని, వాళ్ళమ్మ చేసినట్టే ఆమె కూడా చెట్టు కింది ఆకులకు కాస్త నిప్పు పెట్టి నేల నున్నగా చేసుకునేది.

ఆ రోజు గాలి తిరిగింది. మంట చిటపటమంటూ బీడుగడ్డిలోకి దిగి, నేరుగా గడ్డివాము దారి పట్టింది. అక్క కేకకు వాడకట్టంతా బిందెలతో బావి వైపు ఉరికింది. తాతయ్య మాత్రం ఇంట్లోకి ఉరికి చీపురు తెచ్చాడు.

"బిందెలు కింద పెట్టుండ్రి! చీపుర్లు తెండ్రి!"

"ఇన్నేండ్లల్ల ఒక్కనాడు వాకిలి ఊడ్వని మనిషికి ఇయ్యాల యాదికొచ్చిందా?" అంటూనే అమ్మమ్మ ఇంకో చీపురు అందుకుంది.

మంటకూ గడ్డివాముకూ నడుమ అందరం వంగి ఆకూ గడ్డీ ఊడ్చాం, పీకాం. నేనైతే మహా ఉత్సాహంగా చెత్తంతా గడ్డివాము వైపే నెడుతున్నాను. తాతయ్య నా భుజాలు పట్టి బొమ్మను తిప్పినట్టు అటు తిప్పాడు. "మంట దిక్కు ఊడ్వాలె బిడ్డా. దానిది దానికే ఇయ్యాలె."

బండి బాటంత ఎర్రమట్టి బయటపడింది. మంట అక్కడిదాకా వచ్చి, తినడానికేమీ దొరక్క, అటూ ఇటూ చూసి కూలబడింది. మిగిలిన దాన్ని తాతయ్య పచ్చి వేపకొమ్మతో కొట్టి ఆర్పాడు. గడ్డివాము దక్కింది.

అక్క భయం మాత్రం ఆరలేదు. ఇప్పుడామె చూపంతా తాతయ్య పాత ఖాకీ చొక్కా మీదే. "సారూ, నా మీద కేసు రాస్తరా?" అంది. తాతయ్య వేపకొమ్మ పక్కన పడేసి ఇంటి దారి పట్టాడు. ఆయన తిడితే విందామని నిలబడ్డ వాడకట్టు నిరాశగా ఇళ్ళకు మళ్ళింది.

మర్నాడు ఇంకా మసక ఉండగానే నన్ను లేపాడు. చంకలో అమ్మమ్మ వడియాలు పెట్టే పాత నేతచీర. ఇప్పచెట్టు కింద మసిబారిన నేల మీద దాన్ని పరిచి, కొసలకు రాళ్ళు పెట్టాం. అక్క తలుపు సందులోంచి చూస్తోంది. చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత టప్పుమని ఒక పువ్వు. కాసేపటికి ఇంకొకటి. ఆపైన చెట్టు నిద్రలో మాట్లాడుతున్నట్టు అక్కడక్కడా చిన్న చిన్న చప్పుళ్ళు. పొగవాసన కింద నుంచి తియ్యని వాసన మెల్లగా లేచింది. గుట్ట మీద వెలుగు పడేసరికి చీర అంచు కూడా కనపడలేదు. అక్క వచ్చి నాలుగు కొసలూ పట్టి ఎత్తింది. పువ్వంతా నడుమకు జారింది. ఆకు లేదు, మన్ను లేదు.

"గింతేనా సారూ?"

"గింతే బిడ్డా. నౌకరీల ఉన్నన్ని దినాలు నిప్పు పెట్టొద్దని అందర్ని బెదిరిచ్చిన. మరి పువ్వెట్ల ఏరుకోవాల్నో ఒక్కలకు చెప్పలె. నాకే తెల్వదు. నిన్న మా ఆమె వడియాల చీర మీద రాలిన వేపపువ్వు ఏరుకుంట నన్ను తిట్టింది. గప్పుడు సమజైంది."

అంతలో ఇంట్లోంచి అమ్మమ్మ గొంతు, "నా వడియాల చీర యాడ బోయింది?" అక్క నవ్వింది. నిన్నటి నుంచి అదే మొదటి నవ్వు.

ఇప్పుడు నా వయసు ఆనాటి తాతయ్య వయసు దాటింది. ఆ బీడంతా ఇళ్ళయింది. ఎవరినైనా "వద్దు" అనబోయినప్పుడల్లా నాలుక ఒక్క క్షణం ఆగుతుంది, ఆ వద్దు కింద పరచడానికి నా దగ్గర ఏమైనా ఉందా అని వెతుక్కుంటుంది. లేకపోతే నోరు మూసుకుంటానని అంటే మా ఇంట్లో ఎవరూ నమ్మరు. నమ్మకపోతే పోనీ. పాత చీర ఒక్కటి కూడా పారేయనివ్వను, అది మాత్రం వాళ్ళందరికీ తెలుసు.