ట్రాక్టరుకు అడ్డం నిలబడ్డ చిన్నమ్మ

పోయిన నెల ఒక పొద్దున కోదాడ బస్టాండులో సూర్యాపేట బస్సు కోసం నిలబడి ఉండగా వాడపల్లి నుంచి మామ ఫోన్ చేశాడు. "చిన్నమ్మ ఇగ లేదు బిడ్డా" అన్నాడు. పచ్చకామెర్లు ముదిరి మిర్యాలగూడ దవాఖానలో ఉందని తెలుసు. కోలుకుంటుందనే అనుకున్నాం. ముప్పై దాటి ఎంతో కాలేదు. ఆ ఊరి నది నీళ్లే ఆమెను తీసుకుపోయాయని బంధువుల్లో కొందరు అంటున్నారు. నేను ఆ మాట అనను, నాకు తెలియదు కాబట్టి. తెలిసింది చెబుతాను.

మా అమ్మ చెల్లెళ్లలో అందరికంటే చిన్నది ఆమె. వాడపల్లిలో తాతకు గొర్రెల మంద ఉండేది. మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోట, ఒడ్డు వెంట మేపేవాడు. పట్నం మురుగంతా మోసుకొచ్చే మూసీ మీద వేసవిలో దుప్పటి పరిచినట్టు నురగ తేలేది. ఒక ఏడాది అక్కడ నీళ్లు తాగిన చూడి గొర్రెలకు వరసగా కడుపులు పోయాయి. తాత ఎవరినీ ఏమీ అనకుండా మందను వేరే దిక్కు తోలడం మొదలుపెట్టాడు. చిన్నమ్మ అప్పుడు మిర్యాలగూడలో డిగ్రీ చదువుతోంది.

"గొర్లకైతే వేరే తొవ్వ దొరికింది నాయినా. నీళ్లకు ఏ తొవ్వ ఉన్నది?" అని అడిగింది. తాత చుట్ట ఆర్పి లేచి వెళ్లిపోయాడు.

ఆ ఆదివారం కాలేజీ స్నేహితులను వెంటబెట్టుకుని సంగమం ఘాట్ దగ్గరికి వచ్చింది. ఇంటర్ చదువుకోవడానికి తాత ఇంట్లో ఉంటున్న నన్ను కూడా లాక్కుపోయింది. "పట్నం మురికి మనతోటి ఆగదు. మన ఊరి చెత్తనన్న ఆపుదాం" అన్నది. చున్నీ మీదుగా తాత పొడుగుచేతుల చొక్కా తొడుక్కుని, మోకాలి లోతు నీళ్లలో దిగి కవర్లు, థర్మాకోల్ ప్లేట్లు, పూజ సామాన్లు తీసి సంచుల్లో నింపేది. మేం ముక్కులకు గుడ్డలు కట్టుకుంటే ఒప్పుకునేది కాదు. "వాసన తెలవాలె. తెలిస్తెనే చేతులు జల్ది ఆడుతయి" అనేది. పెళ్లిళ్లకు పోతే సంచిలోంచి స్టీలు గ్లాసు తీసి దాంట్లోనే నీళ్లు పోయించుకునేది. చుట్టాలు మూతి తిప్పుకునేవాళ్లు.

అమ్మమ్మకు ఇదంతా నచ్చేది కాదు. "సముద్రం ఖరాబైతది, సముద్రం ఖరాబైతది అంటవ్. సముద్రం ఎప్పుడన్న సూసినవానే?" అని ఒకరోజు కోప్పడింది.

"నేను సూడలేదమ్మా. మన చెత్త సూసింది" అన్నది చిన్నమ్మ.

అందరం నవ్వాం. ఆమె నవ్వలేదు.

కొన్ని నెలలకు ఘాట్ కాస్త బాగుపడింది. పొరుగూళ్ల పిల్లలు కూడా రావడం మొదలుపెట్టారు. అప్పుడే ఊరి బయట కొత్తగా ఫంక్షన్ హాల్ లేచింది. ప్రతి పెళ్లి మరునాడూ దాని ట్రాక్టరు వచ్చి ఎంగిలి ప్లేట్లు, గ్లాసులు, కుళ్లిన అన్నం ఒడ్డున కుమ్మరించి పోయేది. రెండుసార్లు బతిమాలాం. మూడోసారి చిన్నమ్మ ట్రాక్టరు ముందు నిలబడింది. ఆమె పక్కన మేమందరం. డ్రైవరు ఫోన్ చేస్తే యజమాని కారులో దిగాడు.

"చదువుకునే ఆడపిల్లవు, నీకెందుకమ్మా గీ లొల్లి? నది నీ ఒక్కదానిదా?"

"మీ ఒక్కరిది గూడ కాదు కద సార్. గీడ ఏస్తె గీడనే ఉండదు. కిందికి పోతది. గాడ సేపలు పట్టుకొని బతికేటోళ్లు ఉన్నరు."

ఆయన ట్రాక్టరును వెనక్కి తిప్పించి కారెక్కాడు. సాయంత్రానికి మా అందరికీ, మా తండ్రులకూ పోలీస్ స్టేషన్ నుంచి కబురొచ్చింది. కేసు పెట్టలేదు, కూర్చోబెట్టారంతే. తల వంచుకుని కూర్చున్న తండ్రులను చూశాక పిల్లల్లో ధైర్యం మిగల్లేదు. మరుసటి ఆదివారం సగం మంది రాలేదు. ఆ పై ఆదివారం ఇంకొందరు.

తర్వాత మా ఘాట్ పని గురించి పేపర్లో నాలుగు ముక్కలు పడ్డాయి. దాంతో పెద్దమనుషులు, అధికారులు కొత్త చీపుర్లు పట్టుకుని ఘాట్ మీదికి వచ్చారు. ఫంక్షన్ హాల్ యజమాని కూడా వచ్చాడు. సంచి మోసుకుంటూ పైకి వస్తున్న చిన్నమ్మతో ఫొటోగ్రాఫరు, "జర పక్కకు జరుగమ్మా, అడ్డమొస్తున్నవ్" అన్నాడు. ఆమె జరిగింది. ఆ వారంలోనే ట్రాక్టరు మళ్లీ వచ్చింది.

అప్పటికి కుదిరిన సంబంధం కూడా తప్పిపోయింది. స్టేషన్ మెట్లెక్కిన పిల్ల మాకొద్దన్నారట. "పోనీలే, ఆళ్లింట్ల కూడ ప్లాస్టిక్ గ్లాసులే ఉంటయి" అని కొట్టిపారేసింది. ఆ మాటంటూ మొహం అటు తిప్పుకోవడం నేను చూశాను. చాలా ఏళ్లకు పాలకీడు అబ్బాయితో పెళ్లయింది. చిన్నాయన మంచివాడు. ఆమె సంచి పట్టుకుని బయలుదేరితే మాట్లాడకుండా బండి తీసేవాడు. చివరి రోజుల వరకూ ఇద్దరే పోయేవారు. మేం ఎవరి ఉద్యోగాల్లో వాళ్లం పడిపోయాం. ఎప్పుడైనా ఫోన్ చేస్తే నిష్ఠూరం ఆడేది కాదు. "తిన్నవా, పిల్లలు మంచిగున్నరా?" అని మాత్రం అడిగేది. నది సంగతి నేనే అడగాల్సి వచ్చేది. "గట్లనే ఉన్నది" అనేది.

మూడో రోజు అస్థికలు కలపడానికి సంగమం దగ్గరికి వెళ్లాం. ఘాట్ మలుపులో పెద్ద ఫ్లెక్సీ కట్టి ఉంది. 'నదీమతల్లి ముద్దుబిడ్డకు కన్నీటి నివాళి' అని రాసి ఉంది. కింద ఫంక్షన్ హాల్ యజమాని, ఆయన కొడుకు, నవ్వుతున్న మొహాలు. చిన్నమ్మ బొమ్మ ఆ రెండింటికంటే చిన్నది. మామ దాన్ని చింపబోతే చిన్నాయన చెయ్యి పట్టుకుని ఆపాడు. "చింపితే నీళ్లల్లనే పడతది బావా" అన్నాడు.

చిన్నాయన కుండ పట్టుకుని మోకాలి లోతుకు దిగాడు. ప్లేట్లు, కవర్లు కాళ్లకు చుట్టుకుంటుంటే ఒక చేత్తో పక్కకు నెడుతూ చోటు వెతికాడు. నెట్టినవి మళ్లీ దగ్గరికే వస్తున్నాయి. చివరికి అక్కడే కుండ వంచాడు. బూడిద నీళ్లలోకి దిగలేదు. నురగ మీద పడి, దాని మీదే నిలబడింది. చిన్నాయన అరచేత్తో నీళ్లు కొడుతూ ఆ నురగను విడదీయబోయాడు. విడిపోయిన ప్రతి ముక్క మీదా కాస్త బూడిద ఉంది.