ప్రౌట్ గారి ఆరు వీసాలు

దేనికైనా సరే, పూర్తిగా ఒకటి ఇవ్వాలంటే డాక్టర్ లెమ్యూల్ ప్రౌట్ గారికి ప్రాణం మీదికొచ్చేది. సగం ఇచ్చేవారు, ముప్పావు ఇచ్చేవారు, మనసు మరీ మెత్తబడిన రోజున ఒకటిని పదహారు వీసాలు చేసి అందులో పదిహేను ఇచ్చేవారు. ఆ పదహారో వీసం దగ్గర మాత్రం చెయ్యి బిగుసుకుపోయేది.

కేంబ్రిడ్జిలో సెయింట్ ఆస్విన్ కాలేజీకి ఆయన డీను. గురువారం గురువారం లెక్కల పాఠం, వారానికో వ్యాసం దిద్దడం, పొద్దున్న ఏడింటికీ మళ్ళీ సాయంత్రం చాపెల్లో జరిగే ప్రార్థనలకి హాజరు వేయడం, అన్నీ ఆయనవే. ఒక చేతిలో పేర్ల అట్ట, రెండో చేతిలో గుండుసూది. వచ్చినవాడి పేరు ఎదుటి గడిలో సూదితో పొడవాలి. అన్ని కాలేజీల్లోనూ చేసేది అంతే. ఈయన మాత్రం గడి నడిమధ్యన పొడిస్తే ఒకటి, అంచున పొడిస్తే సగం, మూలన పొడిస్తే పావు. వీసాలకి ఇంకెక్కడెక్కడ పొడిచేవారో దేవుడికీ ఆయనకీ తెలియాలి. టర్ము ఆఖరికి ఆ అట్ట పురుగులు కొట్టేసిన ఉన్ని కోటులా తయారయ్యేది.

ఈ గుండుసూదికి అందరికంటే ఎక్కువ బలైనవాడు బార్నబీ ఆల్డర్టన్. రెండో సంవత్సరం విద్యార్థి. మంచివాడు, తెలివైనవాడు, పొద్దున్న ఎనిమిదయ్యేదాకా మాత్రం శవంతో సమానం. గదులు ఊడ్చి పొయ్యి రాజేసే మిసెస్ టాఫ్ట్ రోజూ వాడితో కుస్తీ పట్టేది.

"లే నాయనా, గంట మొదలెట్టేశారు. ఆ ముసలాయన సూది పట్టుకుని గుమ్మంలోనే ఉన్నాడు."

"ఉండనీ. నాకు జ్వరం."

"నిన్నా ఇదే జ్వరం కదా! లేస్తావా, చెంబుడు నీళ్ళు గుమ్మరించమంటావా?"

ఒకరోజు అలా లేచి, ఒక చేతిని ప్రార్థనకి తొడుక్కునే తెల్ల అంగీలోకి దూరుస్తూ, రెండో చేత్తో బూటు లాక్కుంటూ, మంచు పట్టిన ఆవరణలో జారుతూ చాపెల్ గుమ్మం మీద పడ్డాడు. ఆఖరి గంట కొట్టగానే తలుపు మూసెయ్యడం ఆనవాయితీ. తలుపు మూస్తూండగా బార్నబీ కుడికాలు లోపల పడింది, మిగిలిన మనిషి బయట ఉన్నాడు.

ప్రౌట్ గారు వంగి ఆ కాలి వంక చూశారు. "ఎవరిదయ్యా ఇది?"

"నాదే సార్! ఆల్డర్టన్! వచ్చేశాను కదండీ!"

"కాలొచ్చింది. నువ్వు రావాలి."

"కాలితోపాటే నేనూ వచ్చేవాణ్ణి సార్, మధ్యలో తలుపొచ్చి ముక్కుకి తగిలింది."

"ఏదీ, ముక్కు కూడా వచ్చిందా? అయితే ఆరు వీసాలు." టక్కున పొడిచారు.

ఇంకోరోజు వాడు వేళకే వచ్చాడు. గర్వంగా ఛాతీ విరుచుకుని కూర్చున్నాడు. ప్రౌట్ గారు సూది మొనతో వాడి అంగీ అంచు కొంచెం పైకెత్తారు.

"దీని కింద ఏముంది?"

"నేనున్నాను సార్."

"నీకంటే ముందు నిద్రబట్టలున్నాయి. సగం."

గురువారం పాఠంలో కిటికీ వైపు చూస్తే, "ఒళ్ళు ఇక్కడుంది, బుర్ర నది ఒడ్డున ఉంది, పావు" అనేవారు. వారం వ్యాసం ఇస్తే తిరగేసి, మరగేసి, ముక్కు దగ్గర పెట్టుకుని, "మూడో పేజీ నువ్వు రాశావు, మిగతాది సెల్బీ రాశాడు. నీకు పావు, వాడికి ముప్పావు" అని ఇద్దరికీ పంచేవారు. భోజనాల దగ్గర వేటమాంసం ఎలా ఉందని వంటవాడు అడిగితే ఆయన కాసేపు నమిలి, "ఐదు వీసాలు" అన్నారట. వాడు ఆ రాత్రే ఉద్యోగం మానేస్తానన్నాడు.

"ఒరేయ్ సెల్బీ," అన్నాడు బార్నబీ ఒకనాడు పళ్ళు నూరుతూ, "చలిలో చచ్చీచెడీ వెళతాను కదా, ఆ కొట్టేసిన పది వీసాలూ ఏం చేసుకుంటాడ్రా ఈయన? దుప్పట్లో మూట కట్టుకుంటాడా?"

"నిన్ను ఏడిపించకపోతే ఆయనకి అన్నం సయించదురా," అన్నాడు సెల్బీ. "నవ్వుకుని ఊరుకో."

నవ్వుకుని ఊరుకునే రోజులు ఆ టర్ముతో చెల్లిపోయాయి. కాలేజీ పెద్దగా కొత్తగా డాక్టర్ హార్‌గ్రీవ్ వచ్చారు. గ్రీకులో దిగ్గజం, క్రమశిక్షణలో యముడు. టర్ముకి యాభై ఆరు హాజర్లు లేనివాడి టర్ము చెల్లదన్న పాత శాసనం ఎత్తి చూపి, ఇకమీదట లెక్క తానే చూస్తానని నోటీసు అంటించారు. టర్ము చెల్లకపోతే బార్నబీకి స్కాలర్‌షిప్ పోతుంది. అది పోతే చదువు సరి. ఇక లింకన్‌షైర్‌లో మేనమామ కొవ్వొత్తుల కార్ఖానాలో జన్మంతా గొర్రెకొవ్వు కాచుకోవాల్సిందే.

టర్ము ఆఖరి రోజున పిలుపొచ్చింది. బల్లకి ఆవల హార్‌గ్రీవ్ గారు లాటిన్‌లో ఉన్న శాసనాల పుస్తకం తెరిచిపెట్టుకుని కూర్చున్నారు. పక్కన ప్రౌట్ గారు తూట్లుపడ్డ అట్టతో నిలబడ్డారు. అట్టని చూడగానే బార్నబీ తన మెడకి ఉరితాడు ఆ సూదితోనే అల్లారనుకున్నాడు.

"ప్రౌట్ గారూ, ఈ కుర్రాడివి పూర్తి హాజర్లెన్ని?"

"తొమ్మిదండీ."

"తొమ్మిదా! అయితే ఇంకేముంది, పంపించెయ్యండి."

"మిగతావి కూడాలండీ. ఎనభై మూడున్నాయి. ఆరు వీసాలు, సగం, పావు..."

"కూడేదేమిటండీ? ఇదిగో, శాసనం చూడండి. గంట మోగడం ఆగాక వచ్చినవాడు, అంగీ సరిగా లేనివాడు, ప్రార్థనలో నిద్రపోయినవాడు రానట్టే లెక్క. సున్నా! సగమూ పావూ అని ఎక్కడుంది?"

"దాని కింది పంక్తి చదవండి. ఎవడు ఎంతవరకు వచ్చాడో తేల్చడం డీను ఇష్టం అని ఉంది."

హార్‌గ్రీవ్ గారు కింది పంక్తి చదివారు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివారు. ఉంది. ఆయన ముఖం జేవురించింది.

"సరే, కానివ్వండి. నేనే కూడతాను!"

పాపం, గ్రీకు పండితుడు. ఎనభై మూడు భిన్నాలు. మొదటిసారి కూడితే యాభై రెండొచ్చింది, రెండోసారి డెబ్భై వచ్చింది. నుదుటి మీద సిరా అంటుకుంది. మూడోసారి ప్రౌట్ గారే పక్కన నిలబడి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు, "అక్కడ పావుని నాలుగు వీసాలు చేసుకోండి... ఆఁ, ఇప్పుడు కలపండి" అంటూ దగ్గరుండి కూడించారు. ఆ తొమ్మిదితో కలిపి యాభై ఆరు మీద రెండు వీసాలు తేలింది.

హార్‌గ్రీవ్ గారు కలం విసిరికొట్టారు. "ఇరవై రెండేళ్ళుగా చాపెల్ హాజరు తగ్గి ఈ కాలేజీ నుంచి ఒక్కడు కూడా ఇంటికి పోలేదట! ఊళ్ళో మరే కాలేజీలోనూ ఈ విడ్డూరం లేదు! ఎలా సాధ్యమా అని వచ్చిన రోజు నుంచీ నా బుర్ర బద్దలవుతోంది. ఇదన్నమాట సంగతి! వెళ్ళండి ఇద్దరూ!"

బార్నబీ గుమ్మం బయట గోడకి చేరగిలబడిపోయాడు. రెండేళ్ళుగా ఈయన పదహారులో పది కొట్టేశాడని ఏడ్చాడు తను. నిజానికి సున్నా వెయ్యాల్సిన చోట, ఇవ్వక్కర్లేని ఆరు ఇస్తూ వచ్చాడు మహానుభావుడు. సిగ్గుతో వాడి చెవులు ఎర్రబడ్డాయి. పరుగెత్తి ఆయన్ని అందుకున్నాడు.

"సార్, మీకు ఎలా చెప్పుకోవాలో..."

"ఏమీ చెప్పకు!" గయ్యిమన్నారు ప్రౌట్ గారు. "నీలాంటి వాళ్ళు ముప్పై తొమ్మిది మంది ఉన్నారు నాకు! రోజుకి రెండు పూటలా ఎవడి కాలెక్కడుందో, ముక్కెక్కడుందో చూసుకుంటూ నిలబడాలి. ఇరవై రెండేళ్ళయిందయ్యా నేను ఆ చాపెల్లో కూర్చుని! వేళకి లేచి ఏడవచ్చు కదా మీరు?"

బార్నబీ ఆ సాయంత్రం సెల్బీతో అంతా చెప్పాడు. సెల్బీ మిగతావాళ్ళకి చెప్పాడు.

తర్వాతి టర్ము మొదటి సోమవారం గంట కొట్టడం మొదలయ్యేసరికే ముప్పై తొమ్మిది మందీ వరసగా కూర్చుని ఉన్నారు. అంగీలు ఉతికినవి, బూట్లు తాళ్ళు బిగించినవి. ప్రౌట్ గారు గుమ్మంలోనే ఆగిపోయారు. అనుమానంగా వరస పొడుగునా నడిచారు. ఒకడి అంగీ ఎత్తి చూశారు. కింద కోటుంది. ఇంకొకడి కంటి రెప్ప వేలితో ఎత్తి చూశారు. మెలకువే.

"ఏమిటిది? ఎవడిదయ్యా ఈ కుట్ర?"

ఆయన సణుక్కుంటూనే ముప్పై తొమ్మిది గడుల్లోనూ నడిమధ్యన పొడిచారు. రెండు నిమిషాల్లో పనైపోయింది. సూది చేత్తో పట్టుకుని నడవ మధ్యలో ఏం చెయ్యాలో తోచక నిలబడిపోయారు.

బార్నబీ పక్కకి జరిగి చోటిచ్చాడు. "కూర్చోండి సార్."

ఆయన కాసేపు అటూ ఇటూ చూసి కూర్చున్నారు. మొదటి కీర్తన పూర్తవకముందే తల బార్నబీ భుజం మీదికి వాలిపోయి, సన్నగా గురక మొదలైంది. ప్రార్థన అయిపోయినా కుర్రాళ్ళెవరూ లేవలేదు. ఫలహారాలు చల్లారిపోతున్నాయని మిసెస్ టాఫ్ట్ వచ్చి గుమ్మంలోంచి చేతులూపితే, కాసేపాగమని ముప్పై తొమ్మిది మందీ ఆవిడకి సైగ చేశారు.